ఆకాశంలో హైదరాబాదు

బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రనుకు ‘హైదరాబాదు’ అని పేరు ఉండేది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా వచ్చిన పేరది. దాని ముద్రలో నిజాంగారి తలపాగా కూడా ఉండేది!

1940 జూలైలో ఈ దళం ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్‌లో దిగింది. యుద్ధమంటే పొద్దస్తమానం ఎగరడమే అనుకుంటాం. కాని పైలట్ల రోజులో చాలా భాగం టెలిఫోను గంటకోసం చెవులు రిక్కించుకొని కూర్చోవడమే. గంట మోగితే స్పిట్‌ఫైరు దగ్గరికి పరుగు. దాని ఎనిమిది తుపాకుల్లోని గుళ్ళు ఆపకుండా పేలిస్తే పదిహేను సెకండ్లకు మించి రావు. విమానం తిరిగి దిగగానే నేలమీది మెకానిక్కులు పెట్రోలు పోసి, గుళ్ళు నింపి, మళ్ళీ సాగనంపాలి. పేరు పైలట్‌కు, నూనె మరకలు వీరికి.

1944లో అదే దళం బర్మా యుద్ధానికి మణిపూర్‌లోని ముందువరుస విమానాశ్రయాలకు చేరింది. అక్కడ వానలు, బురద, మలేరియా. అయినా తెల్లవారేసరికి ఇంజను మోగవలసిందే.

ఇదంతా మనకెందుకంటారా? ఆ యుద్ధకాలంలోనే మా చౌటుప్పల్ అప్పట్లో ఉండిన నల్లగొండ జిల్లాలో రైతులు సర్కారుకు లెవీ ధాన్యం కొలిచారు, దొరలకు వెట్టి చేశారు. హైదరాబాదు అంటే తలపాగా ఒక్కటే కాదు గదా! ముద్రలో తలపాగాకు చోటు దొరికింది. నాగలికి దొరకలేదు. మెకానిక్కును మరచి పైలట్‌ను మాత్రమే పొగిడినా మనం చేసేది అదే.