అమ్మించడమే సాయమా?

“ఇంత ఇల్లు పెట్టుకుని మీరిద్దరూ ఏం చేస్తారు? అమ్మేసి పిల్లల దగ్గరికి వెళ్ళిపోండి.” తెనాలి కానీ, భీమవరం కానీ, కరీంనగర్ కానీ, డెబ్బై దాటిన దంపతులున్న ఇంటికి వచ్చిన చుట్టం కాఫీ తాగి లేచేలోగా ఈ మాట అనక మానడు. ఇద్దరిలో ఒకరు పోతే, పెద్దకర్మకు వచ్చినవాళ్ళు భోజనాల దగ్గరే బేరం సంగతి ఎత్తుతారు. ఇప్పుడిది వట్టి సలహాగా లేదు, ధర్మంగా చెలామణీ అవుతోంది. ఇల్లు అమ్మించిన కొడుకు బాధ్యత తెలిసినవాడు. అమ్మనంటే అమ్మనన్న తల్లి మొండిది.

దీనికి చెప్పే కారణం భద్రత. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళను ఎవరైనా మోసం చేస్తారు, స్థలం కబ్జా అవుతుంది, ఫోన్లో ఎవడో బెదిరించి బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చేస్తాడు. కాబట్టి ఆస్తిని సొమ్ము చేసి, వాళ్ళను తెచ్చి మన దగ్గర పెట్టుకుంటే క్షేమం అంటారు. నేను ఒప్పుకోను. ఇల్లున్న ముసలివాళ్ళ చేతిలోంచి జీవితకాలపు కష్టార్జితం ఒక్క పూటలో జారిపోయే అవకాశం, వాళ్ళు ఆ ఇంట్లో ఉన్నన్ని నాళ్ళూ ఉన్నదానికంటే, ఆ ఇల్లు అమ్మే రోజున ఎక్కువ. మోసం నుంచి కాపాడతామంటూ మనం వాళ్ళను నడిపిస్తున్నది మోసం జరగడానికి అన్నివిధాలా అనువైన చోటికి.

ఆ చోటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. అమెరికా నుంచి కొడుకు మూడు వారాల సెలవు మీద వస్తాడు. ఆ మూడు వారాల్లోనే బేరం కుదరాలి, అడ్వాన్సు ముట్టాలి, రిజిస్ట్రేషన్ అయిపోవాలి. కొడుకు రిటర్న్ టికెట్ తేదీ బ్రోకర్‌కు ముందే తెలుసు, కొనేవాడికీ తెలుసు. ధర ఎంత తగ్గించినా చివరి వారంలో ఒప్పుకుంటారని వాళ్ళకు ధీమా. రిజిస్ట్రేషన్ రోజు ఉదయం పదింటికి తల్లిని తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెడతారు. డాక్యుమెంట్ రైటర్ కాగితాలు తిప్పుతూ ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అంటూ వేలు పెట్టి చూపిస్తాడు. వేలిముద్రల మెషిన్ దగ్గర ఇంకో ఇబ్బంది. నలభై ఏళ్ళు గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్ళు, గీతలు పడవు. గుడ్డతో తుడిచి, వేలు పట్టుకుని నొక్కి మళ్ళీ పెట్టిస్తారు. వెనక క్యూ విసుక్కుంటుంది. అందరినీ ఇబ్బంది పెడుతున్నానన్న సిగ్గుతో ఆవిడ ఎంత త్వరగా అయిపోతే అంత మేలనుకుంటుంది. ఆ దస్తావేజులో “యావత్తు సొమ్ము మాకు ముట్టినది” అన్న వాక్యం ఒకటుంటుంది. ఆమె దాన్ని చదవలేదు. చదివి వినిపించినవాళ్ళూ లేరు.

ఆ ఒక్క వాక్యం విలువ ఎంతో సూరత్ దగ్గరి ఒక రైతు కుటుంబానికి తెలుసు. 2009లో వాళ్ళు భూమి అమ్మారు. ధర 1 కోటీ 74 లక్షలు, 36 చెక్కులుగా ఇచ్చినట్టు దస్తావేజులో రాశారు. వాటిలో 30 చెక్కులు బూటకమని, తమ చేతికి వచ్చింది 40 వేలేనని ఆ కుటుంబం 2014లో కోర్టుకెక్కింది. 2020లో సుప్రీంకోర్టు ఆ దావాను కొట్టేసింది. ధర పూర్తిగా ముట్టలేదన్నా రిజిస్టరైన అమ్మకం రద్దు కాదు, బాకీ వసూలుకు వేరే దారి చూసుకోవాలి, పైగా గడువు దాటిపోయింది అంది. అంటే సంతకం పడ్డాక ఇల్లు కొన్నవాడిది, డబ్బు కోసం తిరగడం అమ్మినవాళ్ళ వంతు. ఎనభై ఏళ్ళ మనిషి ఎన్నేళ్ళు తిరగగలదు?

ఇక “వైట్ ఎంత, బ్లాక్ ఎంత” అన్న లెక్క ఉండనే ఉంది. ఇళ్ళ బేరాల్లో అది మామూలేనని పెద్దవాళ్ళకు నచ్చజెప్పేవాళ్ళు ఒక సంగతి చెప్పరు. ఆస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించిన సొమ్ము నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నంత మొత్తం జరిమానాగా పడవచ్చు. ఆ జరిమానా పడేది ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాళ్ళకు. అంటే ఆ తల్లికి. నల్లసొమ్ము ఎగ్గొడితే అడగడానికి కాగితం ఉండదు. ఇస్తే జరిమానా ఆమె నెత్తిన.

“బయటివాళ్ళతో ఈ గొడవంతా ఎందుకు, కొడుకు పేరున గిఫ్ట్ డీడ్ రాసేయండి” అనేవాళ్ళు రెండో రకం. స్టాంపు ఖర్చు తక్కువ, ఇంటి సంగతి ఇంట్లోనే ఉంటుంది అంటారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇలా రాసిచ్చాక పిల్లలు వదిలేసినవాళ్ళను కూడా దృష్టిలో పెట్టుకుని 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు చూడకపోతే, ఆ బదిలీని మోసంగా పరిగణించి రద్దు చేయించుకునే హక్కు 23వ సెక్షన్ ఇస్తుంది. అర్జీ వినే ట్రిబ్యునల్ మన దగ్గర ఆర్డీవో. అయితే అలాంటి షరతు ఉందని చూపించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, చట్టం వృద్ధుల మేలు కోసం వచ్చింది కనుక ఉదారంగా చదవాలంటూ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసింది. అక్కడ ఆమెను చూసుకుంటానని కొడుకు ఇచ్చిన హామీ కాగితం మీద ఉంది. మన దస్తావేజుల్లో “ప్రేమాభిమానాలచేత” అన్న మాట తప్ప షరతు కనపడదు. కన్నకొడుకుతో షరతులేమిటని నలుగురూ నవ్వుతారన్న భయం. ఆ నవ్వే నలుగురూ తర్వాత ఆర్డీవో ఆఫీసు మెట్ల దగ్గర సాక్ష్యానికి రారు.

అమ్మి ఎక్కడికి వెళ్తారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి అంటారు. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళను మామూలుగా ఉండనిచ్చేది ఆరు నెలలు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలు తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు అడగలేరు. ఆ హక్కు పౌరసత్వం వచ్చినవాళ్ళకే. గ్రీన్‌కార్డు వచ్చినా, అక్కడి ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్‌లో ప్రీమియం కట్టి చేరడానికైనా అయిదేళ్ళు అక్కడే ఉండి ఉండాలి. ఆరు నెలలయ్యాక ఆ దంపతులు శంషాబాద్‌లో దిగి ఏ ఇంటికి వెళ్ళాలి? హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనిపెడతామంటారు. చేతిలో అమ్మకపు సొమ్ము ఉందని తెలియగానే ప్రీలాంచ్ ఆఫర్లు వాలిపోతాయి. మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే అన్న ఆ ఎరకు ఎందరో రిటైరైన ఉద్యోగులు చిక్కి అటు ఇల్లు, ఇటు డబ్బు పోగొట్టుకున్నారు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం నేరం. అగ్రిమెంట్ రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. పాత ఇల్లు అమ్మకుండా ఉంటే ఈ ఎర వాళ్ళ దగ్గరికే రాదు.

అవతలి వాదనలో నిజం లేదని నేననడం లేదు. బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగితే పక్కింటివాళ్ళకు తెలిసేసరికి తెల్లవారుతుంది. మేడ మెట్లు ఎక్కలేరు. తోడు లేక మనసు కుంగిపోతుంది. ఇవన్నీ నిజమే. అయితే ఇవన్నీ మకాం మార్చడానికి కారణాలు, ఇల్లు అమ్మడానికి కావు. ఈ రెండింటినీ ఒకే ముడి వేసి, ఒకే ప్రయాణంలో, ఒకే సంతకంతో ముగించాలని చూడటమే మనం చేస్తున్న అపచారం. అమ్మను తీసుకెళ్ళండి, బాగా చూసుకోండి. ఇల్లు ఆమె పేరునే ఉండనివ్వండి. అద్దెకిచ్చి, అగ్రిమెంటు రాయించి, ఆ అద్దె ఆమె ఖాతాలో పడేలా చేయండి. కబ్జా భయమా? ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ ఇవాళ ఆన్‌లైన్‌లో తీయవచ్చు. ఏడాదికి నాలుగుసార్లు తీసి చూడండి. ఇంటిపన్ను, కరెంటు బిల్లు ఆమె పేరున కట్టండి. కొడుకింట్లో ఒక ఏడాది గడిచాక, అక్కడి మనుషులు, వాతావరణం నచ్చి, ఆమే అమ్మేద్దామంటే అప్పుడు అమ్మండి. నచ్చకపోతే తిరిగి రావడానికి గుమ్మం ఉంటుంది. ఆ గుమ్మం ఉన్నంతకాలం కోడలింట్లోనైనా, కూతురింట్లోనైనా ఆమె మాటకు విలువ ఉంటుంది.

“పెద్దవాళ్ళకేం తెలుసు, మోసపోతారు” అన్న మాటను కూడా మానాలి. డిజిటల్ అరెస్ట్ పేరుతో సీబీఐ అధికారులమంటూ వీడియో కాల్‌లో బెదిరించేవాళ్ళ బారిన డాక్టర్లూ, ఇంజినీర్లూ, బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళూ పడ్డారు. చట్టంలో అలాంటి అరెస్టే లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో చెప్పాల్సి వచ్చింది. ఆ మోసాలు తెలివి లేక జరిగినవి కావు. ఎవరికీ చెప్పవద్దు, ఇప్పుడే చెయ్యి అన్న ఒత్తిడి కింద జరిగినవి. ఏం చేసినా తిడతారని భయపడే ఇంట్లో పెద్దవాళ్ళు అలాంటి ఫోన్ సంగతి బయటపెట్టరు. నిర్ణయాలన్నీ లాక్కున్న పిల్లలు తెలియకుండానే మోసగాడికి సగం పని చేసిపెడుతున్నారు.

అమ్మక తప్పని పరిస్థితి వస్తే, వైద్యానికో అప్పుకో, అప్పుడు చేయాల్సిన సాయం వేరు. కొనేవాడి తరఫు రైటర్ కాక ఆమె తరఫున ఒక వకీలు ఉండాలి. దస్తావేజు ముసాయిదా తెలుగులో ముందురోజే ఇంట్లో ఆమెకు చదివి వినిపించాలి. పూర్తి సొమ్ము బ్యాంకు డీడీగానో, ఆమె ఒక్కరి ఖాతాలో జమగానో కనపడ్డాకే సంతకం. ఆమె తరఫున సంతకం చేసే అధికారమిచ్చే జీపీఏ ఎవరికీ ఇవ్వకూడదు. కదలలేని మనిషైతే ఇంటికే వచ్చి రిజిస్ట్రేషన్ చేసే వీలు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. దరఖాస్తు పెట్టండి, కుర్చీలో మోసుకెళ్ళకండి. ఎవరికి ఏమివ్వాలన్నది ఆమె వీలునామాలో రాసుకుంటే ఊపిరి ఉన్నంతవరకూ మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఫోన్ మోసం జరిగితే 1930, పెద్దల సమస్య ఏదైనా సరే 14567: ఈ రెండు నంబర్లు పెద్ద అక్షరాలతో గోడ మీద ఉండాలి.

ఈసారి సెలవులకు వస్తున్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. వచ్చేటప్పుడు కొనేవాడిని వెతుక్కుని రాకండి. అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి, నీకెక్కడ ఉండాలనుంది అని అడగండి. వాళ్ళేం చెబితే దానికి కావలసిన ఏర్పాటు చేయండి. కాగితాలు వాళ్ళ బీరువాలోనే, తాళం వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. పెద్దవాళ్ళకు చేసే సాయం అంటే అదే. ఇల్లు అమ్మించడం కాదు.