బొగ్గు తగ్గాక బొగ్గుట్ట

దమ్మపేట: సత్తుపల్లి బొగ్గు ఈ చుట్టుపక్కల పల్లెల్లో కొత్త ఆశలు రేపింది. జేవీఆర్, కిష్టారం ఓపెన్‌కాస్టులు, 2022లో పూర్తయిన కొత్తగూడెం-సత్తుపల్లి రైలుమార్గం చూసి, గని దగ్గర స్థలం కొని నాలుగు గదులు వేస్తే అద్దెలు వస్తాయని లెక్కలు కట్టేవారు లేకపోలేదు. ఆ లెక్క తేలేముందు ఒకసారి ఇల్లందు వెళ్ళి చూసి రావడం మంచిది.

ఇల్లందును పెద్దలు ఇప్పటికీ బొగ్గుట్ట అనే పిలుస్తారు. 1871లో డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గును కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు దక్కాయి, 1889లో తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి గ్రామం పేరే 1920లో కంపెనీ పేరయింది. పేరు నిలిచింది, కంపెనీ పెద్దాఫీసు మాత్రం కొత్తగూడెం చేరింది. బొగ్గు ఎటు వుంటే మనుషులూ అటే నడిచారు.

నేడు ఇల్లందులో పాత కార్మిక వాడల గుండా నడిస్తే వరుసలు వరుసలుగా ఖాళీ క్వార్టర్లు దర్శనమిస్తాయి. క్వార్టరు పాడుపడడానికి ఏళ్ళు పట్టనక్కరలేదు. కార్మికుడు రిటైరైనా, మణుగూరుకో భూపాలపల్లికో బదిలీ అయినా తాళంచెవి అప్పగించి వెళతాడు. ముందు కరెంటు తీగలు పోతాయి, తరువాత కిటికీలు, తలుపులు. ఆ పైన రెండు వానాకాలాలు గడిస్తే గోడలో రావిమొక్క మొలుస్తుంది. ఇచ్చేందుకు మనిషి లేని ఇంటికి మరమ్మతు ఎందుకని కంపెనీ వూరుకుంటుంది. మరమ్మతు లేని ఇంటిని ఎవరూ అడగరు. వరుసలో మూడిళ్ళు ఖాళీ అయితే నాలుగో ఇంటివారు చీకటి పడ్డాక పిల్లల్ని బయటికి పంపడానికి జంకుతారు. వారూ సర్దుకుంటారు. చివరికి శిథిలమైందన్న ముద్ర వేసి కూల్చివేయడమే మిగులుతుంది.

బట్వాడా రోజున కిటకిటలాడిన బజారుకు ఈ దెబ్బ వెంటనే తగిలింది. కిరాణా కొట్టు, బట్టల దుకాణం, టైలరు, హోటలు, కూరగాయల గంప, అందరిదీ ఒకే జీతం మీద ఆధారపడిన బతుకు. పల్లెలో ఒక పంట పోతే మరో పంటకు కాలం వస్తుంది. గని మూతపడితే తరువాతి కారు లేదు.

బొగ్గు అయిపోయింది గనుక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. తవ్వే పద్ధతి మారింది. భూగర్భ గనిలో తట్టా చెమ్మస్ పట్టిన వేలాదిమందితో వచ్చిన బొగ్గును ఓపెన్‌కాస్టులో పెద్ద యంత్రాలు, కొద్దిమంది ఆపరేటర్లు తీస్తారు. పక్కనే టేకులపల్లి మండలంలో కోయగూడెం ఓపెన్‌కాస్టు వుంది, బొగ్గు లారీలు తిరుగుతున్నాయి. అయినా బొగ్గుట్ట బజారుకు పాత సందడి లేదు. 1990 దశకం తొలినాళ్ళలో సింగరేణి మొత్తంమీద లక్షా 10 వేలకు పైగా కార్మికులుండగా, నేడు 40 వేలకు అటూ ఇటూ మిగిలారు. ఓవర్‌బర్డెన్ తీత వంటి పనులు కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. కాంట్రాక్టు కూలీకి క్వార్టరుండదు, పర్మినెంటు జీతముండదు. అలాంటివాడు బజారులో ఎంత ఖర్చు పెట్టగలడు?

ఊరు వదలలేక మిగిలినవారి కష్టం మరొకటి. రిటైరైన కార్మికుడు వచ్చిన గ్రాట్యుటీతో కంపెనీ స్థలంలో ఇల్లు కట్టుకున్నాడు. పట్టా లేని ఇంటికి బ్యాంకు అప్పివ్వదు, కొనేవాడు సగం ధర కూడా పెట్టడు. ఇటువంటి ఇళ్ళను క్రమబద్ధం చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. మంచిదే. అయితే పట్టా కాగితం ఇంటికి విలువ తెస్తుంది గాని వీధికి మనుషుల్ని తేదు. ఒకవైపు గోడలు నిలిచివున్న క్వార్టర్లు పాడుపడుతుంటే, మరోవైపు ఇళ్ళులేని పేదలు అద్దె గదుల్లో మగ్గడం విడ్డూరం. కిటికీలు పోకముందే, తాళంచెవి అప్పగించిన నెలలోనే ఆ ఇల్లు మరొకరికి ఇచ్చే ఏర్పాటు వుండివుంటే వీధుల్లో చాలావరకు దీపాలు వెలిగేవి.

సత్తుపల్లి వచ్చింది ఓపెన్‌కాస్టు కాలంలో. పాత బొగ్గుట్టకు వచ్చినంతమంది కార్మికులు ఇక్కడికి రారు. పేలుళ్ళకు ఇళ్ళు బీటలు వారుతున్నాయని అక్కడివారు ఫిర్యాదులు చేస్తూనే వచ్చారు. బొగ్గు గని ప్రతిదానికీ మూసివేత ప్రణాళిక వుండాలనీ, అందుకు ఏటా సొమ్ము విడిగా జమచేయాలనీ కేంద్ర బొగ్గు శాఖ 2009లో మార్గదర్శకాలిచ్చింది. ఆ ప్రణాళికల్లో గుంత పూడ్చడం, చెట్లు నాటడం వంటి పనులకు పద్దులుంటాయి. గని ఎన్నేళ్ళు నడుస్తుంది, తరువాత ఆ భూమి ఎవరికి పోతుంది, లారీ డ్రైవరూ హోటలువాడూ ఏం చేయాలి అన్న ప్రశ్నలు అడగవలసింది మాత్రం జనమే. విస్తరణకు ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభలో వీటిని అడిగే వీలుంది. అక్కడ సాధారణంగా ఉద్యోగాల మాటే ఎక్కువసేపు నడుస్తుంది.