కంకర దుప్పటి

వెనుకటి ఐసుబండివాడు గడ్డ కరగకుండా రంపపుపొట్టు కప్పేవాడు, జ్ఞాపకముందా? కెనడా ఉత్తరాన నేను కారులో పోయిన డెంప్‌స్టర్ రోడ్డుదీ ఆ ఉపాయమే. 1979లో తెరిచిన ఆ దారి పొడవు సుమారు 740 కిలోమీటర్లు. అడుగున ఏళ్ళ తరబడి గడ్డకట్టిన నేల. అది కరిగితే రోడ్డు కుంగుతుంది. అందుకని 4 అడుగులు, కొన్నిచోట్ల 8 అడుగుల మందాన కంకర కప్పారు. ఆ రాళ్ళు ఎగిరి కారు అద్దాన్ని కొడుతూంటే మాత్రం ఈ తెలివిని మెచ్చుకోబుద్ధి కాదు!

దారిలో పీల్ నదికి వంతెన లేదు. వేసవిలో బల్లకట్టు, చలికాలంలో గడ్డకట్టిన నది మీదే లారీలు. గడ్డ కట్టీ కట్టని రోజుల్లో రెండూ లేవు. దారి చివరి ఇనూవిక్ ఊరివాళ్ళకు కూరగాయలు కూడా విమానంలో రావాలి.

భూమి వేడెక్కి, ఇప్పుడా కంకర దుప్పటి కింద నేల కరుగుతోంది. కుంగినచోట మళ్ళీ కంకర పోస్తున్న మనుషులు నాకు రెండుచోట్ల కనిపించారు.