కమాన్ కట్టల లెక్క మన రోడ్ల మీదే తేలాలి

సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో సున్నపురాయి ఉంది, సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. పక్కనే మేళ్లచెరువు, మఠంపల్లిలలో మరికొన్ని ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లుల దారి పడతాయి. సిమెంటు బస్తాలైనా వడ్లైనా మోసేది లారీయే, ఆ లారీని మోసేది ఉక్కు పట్టీలు పేర్చిన కమాన్ కట్ట. సూర్యాపేట, కోదాడ వైపు షెడ్లలో విరిగిన పట్టీల కుప్పలు ఎందుకు తరగవో వేరే చెప్పక్కర్లేదు.

ఆ కుప్పలోంచి ఒక ముక్క తీసి విరిగిన అంచు చూస్తే కథ అంతా అక్కడే కనిపిస్తుంది. ఒక పక్క నల్లగా, తుప్పు పట్టి, నున్నగా ఉంటుంది. దాని మీద చెట్టు మొద్దులో వలయాల్లాంటి గీతలు. రెండో పక్క గరుకుగా, తళతళలాడుతూ ఉంటుంది. నల్లటి భాగం పాత గాయం. సెంటర్ బోల్టు రంధ్రం దగ్గరో, పట్టీ మీద పట్టీ రాసుకునే చోటో వెంట్రుకంత పగులు పుట్టి, ప్రతి కుదుపుకూ కాస్త కాస్త పాకింది. మెరిసే భాగం మాత్రం చివరి గుంతలో తెగింది. డ్రైవర్ తిట్టేది ఆ చివరి గుంతనే!

దీన్నే ఇంజనీర్లు లోహపు అలసట అంటారు. 1842లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి పదుల మంది చనిపోయాక ఐరోపా దీని మీద దృష్టి పెట్టింది. తర్వాత జర్మన్ ఇంజనీర్ వోలర్ రైలు ఇరుసులను ఏళ్ల తరబడి పరీక్షించి, ఎంత బరువు ఎన్నిసార్లు పడితే ఉక్కు ఓడిపోతుందో తేల్చాడు. ఒక్కో కుదుపు చేసే నష్టాన్ని కూడే సూత్రాన్ని 1945లో మైనర్ అనే ఇంజనీర్ ప్రచారంలోకి తెచ్చాడు. అడ్డదిడ్డంగా వచ్చే కుదుపులను లెక్కించే పద్ధతిని 1968లో జపాన్‌కు చెందిన ఎండో బృందం ఇచ్చింది.

ఇప్పుడు ఇదంతా కంప్యూటర్ చేస్తుంది. కమాన్‌ను వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో లెక్కగట్టి, ఎక్కడ ముందు విరుగుతుందో ఎర్రరంగులో చూపిస్తుంది. ఉక్కు కరిగించకముందే మందం మార్చి చూడొచ్చు. అద్భుతమైన పనిముట్టే, సందేహం లేదు. అయితే దానికి ఏ రోడ్డు చూపించారు, ఎంత లోడు చెప్పారు అన్నదే అసలు ప్రశ్న.

2018లో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులు అయింది. దాని మీద కూడా ఎక్కించేవాళ్లు ఉన్నారని అందరికీ తెలుసు. ఒత్తిడి 20 శాతం పెరిగితే ఆయుష్షు 20 శాతమే తగ్గుతుందనుకోవడం పొరపాటు. నష్టం ఒత్తిడికి ఐదో ఘాతంలో పెరుగుతుందనుకుంటే, ఆయుష్షు ఐదింట రెండు వంతులకు పడిపోతుంది. పైగా లోడు ఆగాలని అదనంగా ఒక పట్టీ వేయిస్తారు. కట్ట బిరుసెక్కి, ఆ దెబ్బ ఛాసిస్‌కూ బ్రాకెట్లకూ చేరుతుంది. డిజైన్ గదిలో వేసిన లెక్కలో ఆ అదనపు పట్టీ ఎక్కడుంటుంది?

ఈ కంప్యూటర్ విశ్లేషణనే విదేశీ కంపెనీల కోసం హైదరాబాద్‌లో కూర్చుని చేసిపెట్టే ఇంజనీర్లు ఎందరో. మన కాలేజీల్లో మాత్రం ఫైనలియర్ ప్రాజెక్టు అంటే ఏళ్లుగా ఒకటే: ఉక్కు కమాన్‌కు బదులు కాంపోజిట్ కమాన్. పుస్తకంలోని కొలతలు, కదలని లోడు, నాలుగు రంగుల బొమ్మలు, బైండింగ్. వైవా అయిపోయాక దాన్ని మళ్లీ తెరిచేవాడుండడు.

ఖర్చు మాట ఎత్తి తప్పించుకోవడం కుదరదు. పట్టీకి అతికించి దాని సాగుదలను కొలిచే స్ట్రెయిన్ గేజి అందని ద్రాక్షేమీ కాదు. కుదుపులు కొలిచే సెన్సర్ ప్రతి విద్యార్థి ఫోన్‌లోనూ ఉంది. కావలసింది ఒక సిమెంటు లారీ యజమాని అనుమతి, షెడ్డులో మేస్త్రి పక్కన నాలుగు రోజులు నిలబడే ఓపిక. ఏ పట్టీ, ఏ చోట, ఎన్ని నెలలకు విరిగిందో ఆయన నోట వింటే చాలు, కంప్యూటర్ చెప్పింది నిజమో కాదో తేలిపోతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఇంజనీరింగ్ కాలేజీల మెకానికల్ విభాగాలు వచ్చే విద్యాసంవత్సరం నుంచే ఈ పని మొదలుపెట్టాలి. పాలకీడు నుంచి మిర్యాలగూడ దాకా నిండు లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి కుదుపులు నమోదు చేసి, ఆ వివరాలను కమాన్లు తయారుచేసే కంపెనీలకూ రోడ్లు భవనాల శాఖకూ పంపాలి.