హంసలో రెండు నిప్పుకణికలు

హంస నక్షత్రమండలం దిక్కునుంచి రేడియో టెలిస్కోపులకు గొప్ప హోరు వినబడుతుంది. దానికి మూలమైన గెలాక్సీ పేరు 'సిగ్నస్ ఎ'. దూరం 70 కోట్ల కాంతి సంవత్సరాలకు పైమాటే. 1953లో ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకులో జెన్నిసన్ గారూ, మన బెంగాలీ మృణాల్ కుమార్ దాస్‌గుప్తా గారూ కొలిచి చూశారు గదా, హోరు గెలాక్సీలోంచి గాక, దానికి చెరొక పక్కనా ఉన్న రెండు చోట్లనుంచి వస్తున్నదని తేలింది! మనింట్లో పోపు వేస్తే ఘాటు రెండు పొరుగిళ్ళలోంచీ వచ్చినట్టు.

సంగతేమిటంటే, ఆ గెలాక్సీ నడుమ ఒక మహా కృష్ణబిలం ఉంది. అందులో పడబోయే పదార్థంలో కొంత లోపలికి పోక, రెండు ధారలై బయటికి చిమ్ముతుంది. ఇంగ్లీషువారు 'జెట్' అంటారు. వసంతాలాడుకునే చిమ్మనగ్రోవి ఉండగా మనకు మాట కరువా? ఒక్కొక్క ధార సుమారు 2 లక్షల కాంతి సంవత్సరాలు పోయి, అక్కడి వాయువును ఢీకొని ఆగుతుంది. ఆగినచోట నిప్పుకణికలాంటి మచ్చ. దాన్నే హాట్‌స్పాట్ అంటారు.

ఆ మచ్చలో ఎలక్ట్రానులు అయస్కాంత క్షేత్రంలో గిరికీలు కొడుతూ రేడియో తరంగాలు పుట్టిస్తాయి. అంతటితో ఊరుకోవు. తాము కన్న తరంగాలనే తామే గుద్ది, ఎక్స్-రేలుగా మార్చి పంపుతాయి. మన డాక్టర్లు ఎముకలు చూసే ఎక్స్-రేల జాతివే. 1994లో రోశాట్ ఉపగ్రహం వీటిని పట్టింది. పట్టినందువల్ల లాభమేమిటంటారా? పులుసు పుల్లగా ఉంటే చింతపండు ఎక్కువో, నీళ్ళు తక్కువో నాలుకకు తెలియదు. అలాగే రేడియో ఒక్కటే చూస్తే ఎలక్ట్రానులెన్నో, అయస్కాంత బలమెంతో విడదీయలేము. ఎక్స్-రేలు ఎలక్ట్రానుల లెక్క చెబుతాయి. ఇక మిగిలింది అయస్కాంతం. తీరా చూస్తే అది మన భూమి అయస్కాంతంలో వెయ్యోవంతు కూడా లేదు!

మచ్చల లెక్క ఇలా సుఖంగానే తేలింది. ధారలతోనే చిక్కు. చంద్రశేఖర్ గారి పేర 'చంద్ర' అని పిలిచే ఎక్స్-రే టెలిస్కోపును 1999లో పైకి పంపి, దృష్టి సరిచేసుకోవడానికి దూరాన ఒక క్వేజారువైపు తిప్పితే, ఎవరూ ఊహించని పొడుగాటి ధార ఎక్స్-రేలలో ప్రత్యక్షమైంది. విశ్వమంతా నిండిన పురాతన మైక్రోవేవ్ కాంతిని ఎలక్ట్రానులు గుద్దడంవల్ల అన్నారు చాలామంది. అదే నిజమైతే గామా కిరణాలూ రావాలి గదా! ఫెర్మి టెలిస్కోపు వెతికింది. ఉండవలసినన్ని లేవని 2015లో తేలింది.

ఇక మిగిలిన దారి, ఎలక్ట్రానులు స్వయంగా ఎక్స్-రేలు వెలువరించేంత జోరుమీద ఉండడం. అంత జోరుగలవి త్వరగా నీరసిస్తాయి. కన్యారాశిలోని ఎం 87 ధార, 1918లో కర్టిస్ గారు గమనించినదే, సుమారు 5 వేల కాంతి సంవత్సరాల పొడుగు. అక్కడ ఎక్స్-రేలిచ్చే ఎలక్ట్రాను ఆయుర్దాయం కొద్ది పదుల యేళ్ళు! కాబట్టి దారి పొడుగునా చలివేంద్రాలుండాలి. వాటిని నడిపేది ఎవరన్నదే తగువు. ఆఘాత తరంగాలని కొందరు, అయస్కాంత రేఖలు తెగి అతుక్కోవడమని కొందరు. ఎం 87 ధారలోనే ఒక ముడి 2000-2005 మధ్య ఎక్స్-రేలలో 50 రెట్లకు పైగా వెలిగి, మళ్ళీ తగ్గిపోయింది. అక్కడేదో చలివేంద్రం తెరిచి మూసినట్టే ఉంది.