తుఫానుకు ముందు గడప గడప లెక్క

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చినవంటే కోస్తా జిల్లాలలోని మన కుటుంబములు వార్తల వైపు చెవి యొగ్గి యుండుట అలవాటే. వాయుగుండము ఎక్కడ ఉన్నది, గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లు, రేవులో ఎన్నవ నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినారు అని అడిగి తెలిసికొందుము. ఇవన్నియు తుఫానును కొలిచే కొలతలు. తుఫాను తాకబోయే ఊరిని కొలిచే కొలత మరొకటి ఉన్నది. ఈ నెల దానిని గూర్చి మాటలాడుకొందము.

1990 మే నెలలో కృష్ణా నది సముద్రములో కలియు చోట తీరము దాటిన తుఫాను, 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను కంటె గాలి బలములో పెద్దది. అయినను 1990లో చనిపోయినవారు వెయ్యికి లోపు. 1996లో వెయ్యికి పైగా చనిపోయినారు, గల్లంతైనవారు వేరు. చిన్న తుఫానుకు ఎక్కువ ప్రాణములు ఎందుకు పోయినవి? 1990లో లక్షలాది మందిని ముందుగానే తరలించినారు. 1996 తుఫాను తీరమునకు చేరువలో త్వరత్వరగా బలపడి రాత్రివేళ వచ్చి పడినది. వేటకు పోయిన పడవలు ఇంకను నీటి మీదనే ఉన్నవి. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామముల దుఃఖమును గాలి వేగముతో లెక్క కట్టలేము. వార్త ఎవరికి ఏ వేళకు చేరినది, ఆ వేళకు వారు ఎక్కడ ఉన్నారు అన్నదే అక్కడి లెక్క.

దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయినారు. ఆ నీటికి మట్టిగోడ, తాటాకు కప్పు నిలుచునవి కావు. ఇంటి గోడ దేనితో కట్టినారు, కప్పు దేనితో వేసినారు అన్నది ఆ రాత్రి ప్రాణముతో సమానమైన ప్రశ్న.

ఆ ప్రశ్ననే దేశమంతటికి వేసి, జిల్లాల వారీగా పట్టికలు వేసిన పెద్ద గ్రంథము 1997లో వెలువడినది. భవన నిర్మాణ సామగ్రిని గూర్చి పని చేయు కేంద్ర ప్రభుత్వ సంస్థ దీనిని తయారు చేసినది. జనాభా లెక్కలలోని ఇండ్ల వివరములు తీసికొని, మట్టిగోడలెన్ని, కాల్చిన ఇటుక గోడలెన్ని, పెంకులెన్ని, రేకులెన్ని అని చూపి, భూకంపము, గాలి, వరదలకు అవి ఎంతవరకు తట్టుకొనునో అందులో వ్రాసినారు. 2006లోను, 2019లోను దానిని సవరించినారు. మంచి పనియే. అయితే జిల్లా లెక్కలో మీ ఊరి చెరువుగట్టు క్రింద పల్లములో ఉన్న పేట కనబడదు. ఊరి నడుమ నున్న డాబాలు, ఆ పేటలోని గుడిసెలు ఒకే అంకెలో కలిసిపోవును. ఆ పల్లపు పేటలలో ఎవరుందురో మనకు ఎవరును చెప్పనక్కరలేదు.

ఒకే కప్పు క్రింద ఉన్నవారికి కూడ ముప్పు సమానము కాదు. మన బంగాళాఖాతమునకు ఆవలి ఒడ్డున, బంగ్లాదేశ్‌లో, 1991 ఏప్రిల్ తుఫాను తరువాత లెక్క తీసినారు. 20 నుండి 44 ఏండ్ల వయస్సు వారిలో పురుషులు వెయ్యికి 15 మంది చనిపోగా, స్త్రీలు వెయ్యికి 71 మంది చనిపోయినారు. బిడ్డలను విడిచి కదలలేక, భర్త వచ్చువరకు గడప దాటలేక, పరాయి మగవారితో కిక్కిరిసిన ఆశ్రయములోనికి వెళ్ళుటకు సిగ్గుపడి ఆగిపోయినవారు ఎందరో. నీళ్ళలో చీర కాళ్ళకు చుట్టుకొనుట మరొక సంగతి. ఆశ్రయ భవనమునకు స్త్రీలకు వేరే గది, మరుగుదొడ్డి ఉన్నవా అన్నది కూడ కొలతలలో చేరవలసినదే.

వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికను తీరము తాకుటకు కనీసము 24 గంటల ముందు ఇచ్చును. వినుటకు చాల సమయమే. కాని మంచము మీదనున్న అత్తగారిని ఎవరు మోయవలెను? నెలలు నిండిన కోడలు బురదలో ఎంత దూరము నడువగలదు? పాడి గేదెను విప్పి ఎటు తోలవలెను? గేదెను విడిచి రానని మొండికేసిన పెద్దాయనను మూర్ఖుడని నేను అనను, ఆ ఇంటికి అప్పు తీర్చునది ఆ పాడియే. ఇవన్నియు జరుగుటకు మన పేటకు ఎన్ని గంటలు పట్టునో ఎండ కాయుచున్న రోజుననే ఒకసారి నడిచి చూచుకొనవచ్చును.

నీరు తీసిన తరువాతి దినములను కూడ కొలవవలెను. పొలము కౌలుది, పరిహారము పట్టాదారు పేరునది అయినచో, ఒకే గట్టుకు అటునిటు ఉన్న ఇద్దరు రైతులలో ఒకడు సంక్రాంతికి తేరుకొనును, రెండవవాడు వడ్డీకి తెచ్చి మరల నాటును. గాలి ఇద్దరి పంటను ఒకే రీతిగా పడగొట్టినది.

మన సంఘములలో యౌవనస్థులు ఒక ఆదివారము మధ్యాహ్నము నోటు పుస్తకము పట్టుకొని పేట తిరిగినచో చాలును. ఏ ఇంటి కప్పు ఏమిటి, నడువలేనివారు ఎవరు, సెల్‌ఫోను లేని ఇల్లేది, ఒంటరి విధవరాలు ఎవరి పొరుగున ఉన్నది అని వ్రాసి, ప్రతి పేరు ప్రక్కన పిలువబోవు మనిషి పేరు కూడ వ్రాయవలెను. వేటకు పోవు పడవల పేర్లు వేరొక పుటలో ఉండవలెను. ఆ పుస్తకము నకలు పంచాయతీలో ఇచ్చి రండి. చాల పల్లెలలో మందిరమే గట్టి స్లాబు కట్టడము. దాని తాళపుచెవి అర్ధరాత్రి ఎవరి యింట దొరకునో మొదటి పుటలోనే వ్రాయండి.