డాలు పేరిట బేరము

కత్తి దూసినవానిని లోకము నిందించును గాని డాలు పట్టినవానిని నిందింపదు. "మేమెవ్వరిమీదికిని పోము, మామీదికి వచ్చు దెబ్బను కాచుకొందుము, అంతియే" అను మాటకు ఎదురాడువాడు దుర్మార్గుడుగానో పిఱికివాడుగానో కనబడును. ఈ మర్యాదగల మాటను ముందు పెట్టుకొని మహారాజ్యములు క్షిపణి రక్షణ మను పేర నడపుచున్న బేరమును గూర్చి కొంచెము నిష్ఠురముగా వ్రాయదలచితిని. శత్రువు ఎచ్చట కొట్టునో విచారించి ఈ డాళ్ళను పంచుచున్నారని మనల నమ్మింతురు. నిజమునకు ఎవ్వరితో చెలిమి చాటవలెనో, ఎవ్వరిని బెదరింపవలెనో విచారించి పంచుచున్నారు. దీనికి 2008వ సంవత్సరము వేసవిని పోలెండులో జరిగినదానికంటె మంచి దృష్టాంతము నాకు కనబడలేదు.

ఆ యేడు జూలై 4వ తేదీని పోలెండు ప్రధానమంత్రి డొనాల్డ్ టస్క్ అమెరికావారి ప్రతిపాదన తమకు తృప్తికరముగా లేదని బహిరంగముగా ప్రకటించెను. ప్రతిపాదన యేమనగా, పోలెండు ఉత్తరభాగమున రెజికోవో గ్రామముకడ భూమిలో గోతులు త్రవ్వి పది నిరోధక క్షిపణులను నిలుపుట. వానికి కన్నువలె నుండవలసిన రాడారును చెక్ రాజ్యమున బర్డీ అడవులలో కట్టుట. ఇరాను దేశము ఏనాడైన దూరక్షిపణులను విడిచినయెడల వానిని నడిమి యాకాశముననే పగులగొట్టుట దీని ప్రయోజనమని చెప్పిరి. పోలెండువారికి ఇరాను భయము లేదు. వారి భయము తూర్పుదిక్కున నున్నది, అది తరతరముల భయము. కావున, మీ క్షిపణులు మా నేలమీద నుండవలెనన్న మా యాకాశమును కాచుటకు పేట్రియట్ క్షిపణుల నొసగుడని వారడిగిరి. అమెరికావారు తల యూపలేదు.

ఆగష్టు 7వ తేదీ రాత్రి జార్జియా సేనలు దక్షిణ ఒస్సేటియా ముఖ్యపట్టణమైన స్ఖిన్వలిపై ఫిరంగులు ప్రేల్చినవి. మరునాడే రష్యా సేనలు కాకసస్ కొండలు దాటివచ్చి జార్జియామీద పడినవి. బీజింగు నగరమున ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినమది. అమెరికా అధ్యక్షుడు బుష్, రష్యా ప్రధాని పుతిన్ ఇరువురును ఆ సంబరమునకు పోయి కూర్చుండి యుండిరి! యుద్ధము అయిదు దినములు జరిగెను. ఐరోపా సమాఖ్య నియమించిన విచారణసంఘము మరుసటి సంవత్సరము తేల్చిన లెక్క ప్రకారము ఉభయపక్షములందును కలిసి సుమారు 850 మంది మరణించిరి, లక్షకు పైగా జనులు ఇండ్లు విడిచి పరుగెత్తిరి. తొలుత ఫిరంగి ప్రేల్చిన తప్పు జార్జియాదనియు, ఆత్మరక్షణమునకు తగినంత హద్దును మీఱిన తప్పు రష్యాదనియు ఆ సంఘము వ్రాసెను. 12వ తేదీని ఫ్రాన్సు అధ్యక్షుడు సార్కోజీ మాస్కోకు పోయి పోరు నిలుపుటకు మాట కుదిర్చెను.

రెండు దినములు గడచినవో లేదో, 14వ తేదీని వార్సా నగరమున క్షిపణి యొడంబడికపై తొలి చేవ్రాళ్ళు పడెను. 20వ తేదీని అమెరికా విదేశాంగ మంత్రిణి కాండొలీజా రైస్ స్వయముగా వచ్చి పోలెండు విదేశాంగ మంత్రి సికోర్‌స్కీతో కలిసి సంతకము చేసెను. నెలల తరబడి ఇయ్యమన్న పేట్రియట్లను ఇచ్చుటకు ఇప్పుడు ఒప్పుకొనిరి.

చదువరులారా, ఈ నడుమ ఇరానులో ఏమి మాఱెను? జూలై 9వ తేదీని ఆ దేశము క్షిపణి పరీక్షలు జరిపిన మాట నిజమే. కాని వానిలో ఒక్కటియు అమెరికాను చేరగలది కాదు సరికదా, పోలెండునే చేరజాలదు. పైగా ఆ పరీక్షల పిమ్మట నెలదినములు గడచినను ఒడంబడిక అంగుళమైన కదలలేదు. దానిని కదలించినది జార్జియాలో చిందిన రక్తము. అత్తమీది కోపము దుత్తమీద చూపినట్లు, కాకససులో రష్యాను ఆపలేకపోయిన కోపమును పోలెండు నేలమీద చూపిరి. చూపినవారు సముద్రమున కావల నున్నారు, దుత్త మాత్రము రెజికోవోలో నున్నది.

ఇరానుకొఱకని చెప్పిన డాలును రష్యాతో తగవు వచ్చిన వారములోనే తొందరపడి సంతకము చేసినవారు తమ నోటితో చెప్పినదానిని తమ చేతితో అబద్ధము చేసికొనిరి. అంతవఱకు ఇది మాకొఱకే యని రష్యావారు చేయుచున్న గోలను అమెరికా మంత్రులు అనుమానరోగమని త్రోసిపుచ్చుచుండిరి. ఆ రోగికి వైద్యుడే రోగము నిజమని యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చినట్లయ్యెను.

తొలి చేవ్రాళ్ళు పడిన మరునాడే రష్యా సేనాపతులలో నొకడైన నోగోవిత్సిన్, ఈ క్షిపణులను తన నేలపై నిలుపుకొనుటచే పోలెండు తన్ను తాను దాడికి గుఱి చేసికొనుచున్నదని చెప్పెను. డాలు ఇంకను రాలేదు, గోతులు త్రవ్వలేదు. కాని డాలు వలన వచ్చిన అపాయము ముందే వచ్చి కూర్చున్నది. తన పొరుగున యుద్ధము జరుపుచు ఇంకొక పొరుగువానిని అణ్వస్త్రములతో బెదరించిన రష్యా సేనాపతి నోటిదురుసును నేను సమర్థింపను. అయినను ఆ బెదరింపు వచ్చునని వాషింగ్టనులో నున్నవారికి తెలియదా? ఆబోతుల పోరులో లేగల కాళ్ళు విఱుగునని మన పల్లెలో పసులకాపరికి తెలియును.

లేగలను అడిగినవా రెవ్వరు? బర్డీ అడవుల ప్రక్కన త్రొకావెత్స్ అను చిన్న పల్లె యున్నది. నూఱుమందియైన ఓటర్లు లేని యూరు. 2007 మార్చిలో ఆ యూరివారు తమలో తాము ఓటు పెట్టుకొనిరి. ఓటు వేసినవారిలో దాదాపు అందఱును రాడారు వలదనిరి. ఆ ఓటుకు చట్టబలము లేదని ప్రభుత్వమువారు కొట్టివేసిరి. దేశమంతటను జనాభిప్రాయమును సేకరింపగా అధికసంఖ్యాకులు వలదనియే చెప్పుచుండిరి. 2008 మే నెలలో ప్రాగ్ నగరమున ఇద్దరు యువకులు ప్రజల యోటు తీసికొనుడని కోరుచు నిరాహారదీక్ష పట్టిరి. అయినను జూలై 8వ తేదీని అదే నగరమున సంతకములైనవి. స్వాతంత్ర్యమును కాపాడుటకే యని చెప్పబడిన యంత్రము ప్రజల సమ్మతి లేకయే నాటబడవలెనట! ఈ మాటలోని వికటత్వము ఆ మంత్రులకు తోచకపోవుట నాకు వింతగా నున్నది.

ఇక ఆ డాలు పనిచేయునా యని చూతము. ఈ నిరోధక క్షిపణి వాయుమండలమును దాటి, శూన్యములో పరుగెత్తుచున్న బాంబును ఢీకొని పగులగొట్టవలెను. శూన్యములో గాలి లేదు గనుక బరువైన బాంబును తేలికైన బుడగయు ఒకే వేగముతో, ఒకే దారిని పోవును. శత్రువు బాంబుతోపాటు పది బుడగలను విడిచినచో వానిలో ఏది బాంబో పోల్చుకొనుట మిక్కిలి కష్టము. మాయలేడి వెంట పోయిన రాముని కథ మన పిల్లలెఱుగుదురు. ఈ రాముని యంబులపొదిలో బాణములు పదియే. పైగా పోలెండున నిలుపదలచిన రెండంచెల క్షిపణి సంతకముల నాటికి ఒక్కమాఱైనను ఎగిరియుండలేదు. దానిని తొలిసారి ఎగురవేసి చూచినది 2010 జూన్‌లో.

దీనికి ఒక యాక్షేపణ రావచ్చును. 2023 మొదలుకొని కీవ్ నగరమున పేట్రియట్లు రష్యా క్షిపణులను కూల్చి జనులను కాపాడుట లేదా యందురు. కాపాడుచున్నవి, నేను కాదనను. ఇల్లు కాలుచున్నవానికి నీళ్ళకడవ చూపి తర్కము చెప్పువాడు మూర్ఖుడు. కాని ఆలోచింపుడు: పోలెండువారు కోరినది ఆ కడవనే, దగ్గఱి క్షిపణులనుండి ఊళ్ళను కాచు సాధనమును. పెద్దవారు పెట్టదలచినది తమ రాజ్యతంత్రపు జెండాకొయ్యను. కొయ్యను పాతనిచ్చినగాని కడవ నియ్యమనిరి. నేను ఖండించునది ఈ ముడిపెట్టుటను.

రష్యావారి ధర్మోపన్యాసమును కూడ కొంచెము విప్పి చూడవలెను. నగరముచుట్టును అణ్వస్త్రములు తగిలించిన నిరోధక క్షిపణులను పేర్చుకొని దశాబ్దములు గడపిన రాజధాని లోకమున నొక్కటే, అది మాస్కో. 1967 జూన్‌లో అమెరికాయందలి గ్లాస్‌బరో అను చిన్న పట్టణమున సోవియట్ ప్రధాని కొసీగిన్‌ను కూర్చుండబెట్టి, డాళ్ళు పెరిగిన కత్తులు పెరుగునని అమెరికా రక్షణమంత్రి మెక్నమారా నచ్చజెప్పబోయెను. ఆత్మరక్షణము తప్పెట్లగునని కొసీగిన్ మండిపడెను. నలుబదియేండ్లకు ఇరువురును పాఠములు మార్చుకొనిరి. అమెరికా కొసీగిన్ మాటలను, రష్యా మెక్నమారా మాటలను వల్లించుచుండెను. వీధినాటకములో వేషములు మార్చుకొన్నవారికైనను కొంచెము సిగ్గుండును.

మెక్నమారా చెప్పిన పాఠము మంచిదే. అది 1972లో ఫలించినది కూడ యుద్ధకాలముననే. ఆ మే నెల 8వ తేదీని నిక్సన్ ఉత్తర వియత్నాముయొక్క హైఫాంగ్ రేవులో మందుపాతరలు వేయుటకు ఆజ్ఞాపించెను. సోవియట్ ఓడలు ఆ రేవున చిక్కుకొనెను. పదునాలుగు దినములకు అదే నిక్సన్ మాస్కోలో దిగి స్వాగతము పొందెను. మే 26వ తేదీని బ్రెజ్నేవుతో కలిసి క్షిపణి డాళ్ళను పరిమితము చేయు సంధిపై సంతకము చేసెను. ఎద్దుపుండు కాకికి ముద్దా? వియత్నాము మిత్రుల పుండు మాస్కోవారికి ఆ వేళ కనబడలేదు. దానిని నేను మెచ్చను. అయినను ఆ సంధి ఇద్దఱి చేతులను కట్టినది. సంధి యనుమతించిన ఒక్క డాలును అమెరికావారు ఉత్తర డకోటాలో కట్టి 1975 అక్టోబరు 1వ తేదీని పనిలో పెట్టిరి. మరునాడే వారి ప్రతినిధిసభ దానిని మూసివేయుడని ఓటు చేసెను! ముప్పదియేండ్లు నిలిచిన ఆ సంధిని 2002 జూన్‌లో బుష్ ప్రభుత్వము వదలివేసెను. పోలెండు కథకు వాకిలి తెఱిచినది ఆ పనియే.

తరువాతి సంగతులు త్వరగా చెప్పెదను. 2009 సెప్టెంబరు 17వ తేదీని అధ్యక్షుడు ఒబామా ఆ పది క్షిపణుల యేర్పాటును రద్దుచేసెను. సరిగా డెబ్బదియేండ్లక్రితము, 1939లో, సోవియట్ సేనలు పోలెండున చొచ్చిన దినమది. ఆ తేదీని గుర్తుంచుకొనువారు వాషింగ్టనులో ఒక్కరైనను లేకపోయిరి. మిత్రునికి వారిచ్చిన విలువ దీనివలన తెలియుచున్నది. తరువాత వేఱొక జాతి క్షిపణులతో అదే రెజికోవోలో స్థావరము కట్టి, 2024 నవంబరు 13న ప్రారంభోత్సవము చేసిరి. అప్పుడును యుద్ధకాలమే, ఉక్రెయిను యుద్ధము. ఎనిమిది దినములకు రష్యా విదేశాంగశాఖ ప్రతినిధి ఆ స్థావరము తమ ముఖ్యలక్ష్యముల పట్టికలో చాలకాలముగా నున్నదని చెప్పెను. పదునాఱేండ్లలో క్షిపణులు మాఱెను, వాషింగ్టనులో నలుగురు అధ్యక్షులు వచ్చి పోయిరి. గుఱిగా నుండుటమాత్రము ఆ యూరికి తప్పలేదు.

మనకేమి, పరదేశపు గొడవ యందురా? 2001 మే 1వ తేదీని బుష్ తన డాలు సంకల్పమును చాటగా, ఐరోపా మిత్రులే సందేహించుచుండ, మన ప్రభుత్వము గడియలలో హర్షము తెలిపెను. 2006 నుండి మన నిరోధక క్షిపణులును పరీక్షింపబడుచున్నవి. వానికై శ్రమించువారిలో హైదరాబాదు ప్రయోగశాలలవారు ముఖ్యులు, వారి విద్యకు నేను నమస్కరింతును. 2025 ఆగష్టు 15వ తేదీని ఎఱ్ఱకోటనుండి ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, 2035 నాటికి సుదర్శన చక్రమను పేర దేశమునకు రక్షణవ్యవస్థ నేర్పఱతుమని ప్రకటించెను. పేరు విన్నంతనే చేతులు జోడించుట మన యలవాటు. చేతులు జోడించుటకు ముందు అడుగవలసినవి కొన్ని యున్నవి. అది ఏ క్షిపణిని ఆపును, దేనిని ఆపజాలదు? బుడగలతో కలిపి పరీక్షించితిరా? పొరుగువాడు దానిని చూచి ఎన్ని క్షిపణులు పెంచును? దాని గోతులు ఏ యూరి పొలములలో పడును, ఆ యూరివారి నడుగుదురా? త్రొకావెత్స్ జనులు తమ ఓటును ఆలస్యము చేయలేదు, పార పడకమునుపే వేసిరి.